చెన్నైలో సర్కారు డ్యూటీ చేస్తూ ప్రమాదం జరిగితే పరిహారం ఎవరిస్తారు?

చెన్నైలో తెలుగు మాట్లాడే ఇళ్లలో సర్కారు పని చేసేవాళ్లు తక్కువేం లేరు. పులియంతోపు, వ్యాసార్పాడి వైపు వెళ్తే తాతల కాలం నుంచి కార్పొరేషన్ పారిశుద్ధ్య పనిలో ఉన్న కుటుంబాలు కనిపిస్తాయి. ఎంటీసీ బస్సు నడిపేవాళ్లు, కరెంటు స్తంభాలెక్కేవాళ్లు, ప్రభుత్వాసుపత్రుల్లో నర్సులు, సర్కారు బళ్లలో టీచర్లు, ఆఫీసుల్లో గుమస్తాలు కూడా ఉన్నారు. అందరి ఇళ్లలోనూ ఒకటే ధీమా: "గవర్నమెంటు పని కదా, ఏదన్నా అయితే గవర్నమెంటే చూసుకుంటుంది."

ఆ ధీమా సగమే నిజం. డ్యూటీలో మనిషి పోయినా, కాలో చెయ్యో పోయినా చట్టం అండగా ఉంటుంది. కానీ అందరికీ ఒకే చట్టం వర్తించదు. ఒకే రోడ్డు మీద ఒకే గుంతలో పడిన ఇద్దరికి రెండు వేర్వేరు చట్టాల కింద, రెండు వేర్వేరు ఆఫీసుల నుంచి, పొంతన లేని మొత్తాలు రావచ్చు. ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉన్నప్పుడు బంధువులు మొట్టమొదట అడిగే మాట "అన్నా, ఎంతొస్తుంది?" అని. అడగడంలో తప్పు లేదు. కాకపోతే అంతకంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది: కాగితం మీద ఆ మనిషి ఎవరి ఉద్యోగి?

పే స్లిప్పు ఉంటే దాని పైవరస చూడండి. అక్కడ ప్రభుత్వ శాఖ పేరుంటే ఒక దారి. ఎంటీసీ, విద్యుత్ సంస్థ, మెట్రో వాటర్ బోర్డు లాంటి పేరుంటే ఇంకో దారి, ఎందుకంటే వాటి సొత్తంతా ప్రభుత్వానిదే అయినా చట్టం దృష్టిలో అవి వేరే సంస్థలు. చెన్నై కార్పొరేషన్ కూడా అంతే, అది స్థానిక సంస్థ. ఇక పైవరసలో ఏదో ఏజెన్సీ పేరు, కింద పది అంకెల ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) నంబరు ఉంటే దారి పూర్తిగా మారిపోతుంది. 2025 ఆగస్టులో రాయపురం, తిరు వి.క. నగర్ జోన్ల పారిశుద్ధ్య పనిని ప్రైవేటు సంస్థకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ కార్మికులు కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి కూర్చున్నారు. అందరూ జీతం గురించే మాట్లాడారు. కానీ యజమాని పేరు మారితే దెబ్బ తగిలిన రోజున ఎవరి తలుపు తట్టాలో కూడా మారిపోతుంది. ఆ సంగతి ఎక్కడా పెద్దగా చర్చకు రాలేదు, రావాల్సింది.

పర్మనెంట్ ప్రభుత్వోద్యోగి సంగతి ముందు చూద్దాం. టీచరు, రెవెన్యూ ఆఫీసు గుమస్తా లాంటివాళ్లకు సాధారణంగా కార్మిక పరిహార చట్టంతో పని పడదు, సర్వీసు నిబంధనలే ఆధారం. డ్యూటీ చేయడం వల్ల గాయపడితే ఫండమెంటల్ రూల్స్‌లోని 83వ రూలు కింద స్పెషల్ డిసెబిలిటీ లీవు అడగొచ్చు. గరిష్ఠంగా 24 నెలల వరకు ఇస్తారు. మొదట కొంతకాలం పూర్తి జీతం, ఆ తర్వాత సగం జీతం. ఇది మామూలు మెడికల్ లీవు కాదు, మీ ఖాతాలోని లీవుల నుంచి కోయరు. చాలామంది ఈ సెలవు ఉందని తెలియక తమ ఎర్న్‌డ్ లీవులన్నీ కరిగించేసుకుంటారు. వైకల్యం మామూలుగా సంఘటన జరిగిన మూడు నెలల్లోపు బయటపడాలి, విషయాన్ని ఆలస్యం లేకుండా పై అధికారికి చెప్పి ఉండాలి అన్నది షరతు. అందుకే "చిన్న దెబ్బే కదా" అని ఊరుకోకుండా అదే రోజు ఒక కాగితం రాసి ఇచ్చి, నకలు మీద సీలు వేయించుకోవడం అవసరం.

గాయం వల్ల ఉద్యోగం చేయలేని స్థితి వస్తే, లేదా ప్రాణం పోతే, ఎక్స్‌ట్రాఆర్డినరీ పెన్షన్ నిబంధనలు వర్తించవచ్చు. మామూలు పెన్షన్ సర్వీసు కాలాన్ని చూస్తుంది. ఇది మాత్రం ప్రమాదం ఉద్యోగ బాధ్యత వల్ల వచ్చిందా లేదా అన్నదే చూస్తుంది. 2003 ఏప్రిల్ 1 తర్వాత సర్వీసులో చేరి కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకంలో ఉన్నవాళ్ల కుటుంబాలు తమకు ఏ నిబంధన ప్రకారం ఏం వస్తుందో శాఖను రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోవాలి. నోటిమాట మీద ఆధారపడకండి.

వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 20వ సెక్షను నాలుగో ఉపసెక్షను ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే అదనపు పోస్టు ఒకటి సృష్టించైనా ఉంచాలి. ప్రభుత్వ రవాణా సంస్థలకూ ఇది వర్తిస్తుంది. కాలు పోయిన డ్రైవరుకు "వాలంటరీ రిటైర్‌మెంట్ రాసిచ్చెయ్, అదే మంచిది" అని ఎవరైనా సలహా ఇస్తే సంతకం పెట్టే ముందు ఈ సెక్షను గుర్తు చేసుకోవాలి. ఒక్కసారి రాజీనామా రాసిస్తే దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఏళ్లు పడుతుంది.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. ఉద్యోగి సర్వీసులో ఉండగా ఏ కారణంతో చనిపోయినా ఫ్యామిలీ సెక్యూరిటీ ఫండ్ నుంచి 5 లక్షలు వస్తాయి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం కొన్ని ప్రధాన బ్యాంకులతో ఒప్పందం చేసుకుంది. ఆ బ్యాంకుల్లో జీతం ఖాతా ఉన్నవాళ్లకు ప్రమాద బీమా ఉంటుంది, కాబట్టి ఏ రకం ఖాతాలో ఉన్నారో ఇప్పుడే చూసుకోండి. కారుణ్య నియామకానికి 2023 నిబంధనల ప్రకారం మరణం జరిగిన మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. ఎన్నికల డ్యూటీలో చనిపోతే ఎన్నికల సంఘం లెక్క వేరే: 2020లో సవరించిన ప్రకారం కనీసం 15 లక్షలు, హింస వల్ల పోతే 30 లక్షలు. ట్రైనింగుకని ఇల్లు దాటిన క్షణం నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా డ్యూటీగానే లెక్కేస్తారు. టీచర్ల ఇళ్లలో ఇది తెలిసి ఉండాలి.

ఇక అసలు చట్టం దగ్గరికి వద్దాం. 1923లో వచ్చిన వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టాన్ని 2010 నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం అంటున్నాం. 2025 నవంబరు 21న సామాజిక భద్రత కోడ్, 2020 అమల్లోకి రావడంతో ఈ చట్టం అందులో కలిసిపోయింది. పరిహారం కేసులు తేల్చే అధికారిని కమిషనర్ అన్న చోట ఇప్పుడు కాంపిటెంట్ అథారిటీ అంటున్నారు. అయితే ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు అప్పటి చట్టమే లెక్క. అలాంటి కేసులు ఇంకా చాలా నడుస్తున్నాయి, కోడ్ కూడా పాత చట్టం చట్రం మీదే నిలబడింది. అందుకే పాత చట్టాన్నే విడమరిచి చెప్తాను.

ఈ చట్టం అందరికీ వర్తించదు. ఎవరెవరికి వర్తిస్తుందో రెండో షెడ్యూల్లో రాసి ఉంది: మోటారు వాహనాలు నడిపేవాళ్లు, వాటిలో సరుకు ఎక్కించి దించేవాళ్లు, కరెంటు సరఫరా పనిలో ఉన్నవాళ్లు, పైపులైన్లు మురుగు కాలువలు వేసి బాగుచేసేవాళ్లు, అగ్నిమాపక దళంవాళ్లు, చివరికి ఏనుగుల్ని సాకేవాళ్లు కూడా. అంటే ఇక్కడ హోదా ముఖ్యం కాదు, చేసే పని ముఖ్యం. పర్మనెంట్ ప్రభుత్వోద్యోగి అయినా షెడ్యూల్లోని పని చేస్తుంటే ఈ చట్టం తలుపు తట్టొచ్చు. నేను ముందు చెప్పిన 83వ రూల్లోనే దీనికి సాక్ష్యం ఉంది: పరిహార చట్టం వర్తించే ఉద్యోగికి, ఆ చట్టం కింద తాత్కాలిక వైకల్యానికి వచ్చే మొత్తాన్ని లీవు జీతంలోంచి తగ్గించాలని రాశారు. ఈ చట్టం ప్రభుత్వోద్యోగికి వర్తించే అవకాశమే లేకపోతే ఆ మాట రాయాల్సిన పనేముంది? "నువ్వు గవర్నమెంట్ సర్వెంటువి, లేబర్ చట్టం నీకు రాదు" అని ఎవరైనా అంటే ఆ రూలు చూపించండి.

శాఖల తరఫున ఇంకో వాదన వినిపిస్తుంటుంది: "మేం వ్యాపారం చేయడం లేదు, ప్రజాసేవ చేస్తున్నాం, మాకు ఈ చట్టమేంటి?" దీనికి జవాబు 1923 చట్టం రెండో సెక్షనులోనే ఉంది. స్థానిక సంస్థ గానీ, ప్రభుత్వం తరఫున పనిచేసే శాఖ గానీ తన అధికారాలను, విధులను నిర్వర్తించడాన్ని ఈ చట్టం కోసం దాని వ్యాపారంగానే భావించాలని స్పష్టంగా రాశారు. వందేళ్ల కిందటే ఈ దారి మూసేశారు. కొత్త కోడ్ కూడా ప్రభుత్వ శాఖ నడిపే సంస్థకు యజమాని ఎవరో తేల్చి చెప్పింది: శాఖాధిపతి నిర్ణయించిన అధికారి, అలా ఎవర్నీ నిర్ణయించకపోతే స్వయంగా శాఖాధిపతే.

కాంట్రాక్టు కార్మికుల విషయంలో ఈ ఒక్క వాక్యానికి ఎంత బలముందో చూడండి. 12వ సెక్షను ప్రకారం, అసలు యజమాని తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగిస్తే, ఆ కాంట్రాక్టరు మనిషికి ప్రమాదం జరిగినప్పుడు పరిహారం అసలు యజమాని దగ్గరే రాబట్టొచ్చు. తర్వాత ఆ యజమాని కాంట్రాక్టరు నుంచి వసూలు చేసుకుంటాడు, అది వాళ్లిద్దరి మధ్య లెక్క. ప్రమాదం అసలు యజమాని పని చేయిస్తున్న చోట, అతని ఆధీనంలోని చోట జరిగి ఉండాలన్నది షరతు. రోడ్డు ఊడ్చడం, చెత్త ఎత్తడం, మురుగు తియ్యడం కార్పొరేషన్ విధులే. ఆ విధులే దాని వ్యాపారమని చట్టం చెప్తోంది. అలాంటప్పుడు "అతను మా మనిషి కాదు, కాంట్రాక్టరును అడగండి" అని చేతులు దులుపుకోవడం కుదరదు. ఫోను ఎత్తని కాంట్రాక్టరు చుట్టూ ఆ కుటుంబం ఎందుకు తిరగాలి? కేసులో అసలు యజమానినీ పార్టీగా చేర్చాలి. చేర్చకుండా వేసిన కేసులో ఆర్డరు వచ్చినా, కాంట్రాక్టరు మాయమైతే డబ్బు చేతికి రాదు.

లెక్క ఎలా కడతారో చూద్దాం. మరణానికి నెల జీతంలో సగం, దాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. 30 ఏళ్లకు గుణకం 207.98, 40 ఏళ్లకు 184.17, 50 ఏళ్లకు 153.09. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. జీతం ఎంతున్నా ఈ లెక్కకు గరిష్ఠంగా 15,000 మాత్రమే తీసుకుంటారు, ఆ పరిమితి 2020 జనవరి 3 నుంచి ఉంది. అంతకుముందు 8,000 ఉండేది. ఉదాహరణకు నెలకు 22,000 తెచ్చుకునే 40 ఏళ్ల చెత్త లారీ డ్రైవరు డ్యూటీలో పోయాడనుకోండి. 15,000లో సగం 7,500. దాన్ని 184.17తో హెచ్చిస్తే 13,81,275 రూపాయలు. ఆ 15,000 పరిమితిని పెంచాలని నేను గట్టిగా నమ్ముతాను. చెన్నైలో అద్దె ఎంతో, బతుకు ఎంతో అందరికీ తెలుసు.

పూర్తి శాశ్వత వైకల్యానికి సగం బదులు 60 శాతం. పాక్షిక వైకల్యానికి మొదటి షెడ్యూల్లో గాయానికింత శాతమని ఉంటుంది. మణికట్టు దగ్గర చేయి పోతే 60, చేతి బొటనవేలు పోతే 30. కానీ ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు. డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్లో ఉండేది శరీర వైకల్యం శాతం. చట్టం అడిగేది సంపాదించే శక్తి ఎంత పోయిందని. ఆ రెండూ ఒకటి కావు. ఎడమ చేయి మోచేతి పైన తీసేయాల్సి వచ్చిన ఒక వడ్రంగి కేసులో 1975లో సుప్రీంకోర్టు, అతను ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి నూటికి నూరు శాతం సంపాదన పోయినట్టే అంది. ఇప్పుడు 30 ఏళ్ల కాంట్రాక్టు లైన్‌మన్ కుడి చేయి మణికట్టు దగ్గర పోయిందనుకోండి. 60 శాతమే అంటే 11,23,092 రూపాయలు. స్తంభం ఎక్కలేనివాడు లైన్‌మన్‌గా ఇక సంపాదించలేడని నిరూపిస్తే 18,71,820. దాదాపు ఏడున్నర లక్షల తేడా. ఆ తేడా అంతా డాక్టరు సాక్ష్యంలో ఏం అడిగారన్న దాని మీదే ఆధారపడుతుంది. అందుకే డాక్టర్ని శాతం ఎంతని మాత్రమే అడిగి వదిలేయకూడదు. "ఈ మనిషి స్తంభం ఎక్కగలడా? బరువెత్తగలడా?" అని కూడా అడిగించాలి.

పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని అదే వడ్రంగి కేసులో తేలింది. నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే బాకీలో సగం దాకా అదనపు జరిమానా. పైన చెప్పిన 13,81,275 మీద రెండేళ్ల వడ్డీయే 3,31,506 అవుతుంది. దరఖాస్తులో వడ్డీ అడగడం మర్చిపోకండి.

"తాగి ఉన్నాడు", "హెల్మెట్ పెట్టుకోలేదు", "బెల్టు కట్టుకోమంటే వినలేదు" లాంటి మాటలు మనిషి పోయిన ఇంటి గుమ్మంలోనే వినిపిస్తాయి. వాటితో కుటుంబం నోరు మూతపడుతుంది, అయినవాళ్లు కూడా తల దించుకుంటారు. చట్టం ఏం చెప్తోందంటే, తాగి ఉండటం, భద్రతా నిబంధనను కావాలని ఉల్లంఘించడం అన్న మినహాయింపులు మరణానికీ పూర్తి శాశ్వత వైకల్యానికీ వర్తించవు. మిగతా గాయాలకే వర్తిస్తాయి. మనిషి పోయిన కేసులో ఆ ఆరోపణ నిజమే అయినా సరే, దాన్ని చూపి ఈ చట్టం కింద పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఇది ఎంతమంది ఇళ్లకు చేరితే అంత మంచిది.

ఏజెన్సీ కింద పనిచేస్తూ నెల జీతం 21,000 లోపు ఉండి, ఈఎస్ఐ పరిధిలోకి వచ్చేవాళ్లకు ఈ లెక్కలేవీ కావు. ఈఎస్ఐ కింద ఉన్నవాళ్లు అదే గాయానికి పరిహార చట్టం కింద యజమాని నుంచి అడగడానికి లేదు. ఏకమొత్తం రాదని కొంతమంది దీన్ని నష్టంగా చూస్తారు. నిజానికి చాలా సందర్భాల్లో ఈఎస్ఐయే మెరుగు. గాయపడి ఇంట్లో ఉన్నన్నాళ్లు సగటు జీతంలో 90 శాతం ఇస్తుంది. పరిహార చట్టం కింద అదే కాలానికి వచ్చేది సగం, అదీ 15,000 పరిమితి మీద. నెలకు 20,000 జీతమున్న మనిషికి ఈఎస్ఐలో సుమారు 18,000 వస్తే, అక్కడ 7,500. చనిపోతే భార్యకు, పిల్లలకు నెలనెలా డబ్బు వస్తుంది. మామూలు జబ్బుకు ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు ఉంటుంది గానీ, పనిలో తగిలిన గాయానికి ఆ షరతు లేదు. చేరిన మొదటి రోజు ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది. కాంట్రాక్టరు చందా కట్టకపోతే ఈఎస్ఐ కార్పొరేషన్ అతని దగ్గర వసూలు చేసుకుంటుంది, ఆ కారణంతో కార్మికుణ్ణి వెనక్కి పంపకూడదు. కాకపోతే యజమాని ప్రమాద నివేదిక పంపేలా వెంటపడాలి. కె.కె. నగర్‌లో గానీ అయనావరంలో గానీ ఈఎస్ఐ ఆసుపత్రిలో చేర్చేటప్పుడు "పనిలో ఉండగా జరిగింది" అని మొదటి రోజు చీటీలోనే రాయించాలి. తొందరలో "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయించేస్తే తర్వాత దాన్ని మార్చడం నరకం.

మురుగు గుంతల్లో పోయేవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే చెన్నైలో ఆ పని చేస్తున్నవాళ్లలో మన భాష మాట్లాడేవాళ్లున్నారు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకి దించడం నేరం. 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఒక్కో మరణానికి 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యానికి 20 లక్షలు, ఇతర వైకల్యాలకు 10 లక్షలకు తగ్గకుండా. కాంట్రాక్టు కింద దిగినా ఇది వర్తిస్తుంది. 2023 తీర్పు తర్వాత జరిగిన మరణానికి 10 లక్షల చెక్కు చేతిలో పెట్టి ఫొటో తీసుకుంటే, మిగతా 20 లక్షలు ఇంకా బాకీ ఉన్నట్టే.

చెక్కుల మాట వచ్చింది కాబట్టి ఎక్స్‌గ్రేషియాకూ పరిహారానికీ తేడా చెప్పాలి. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి వచ్చేది దయతో ఇచ్చే సాయం. పరిహారం చట్టం ఇచ్చిన హక్కు. మొదటిది తీసుకున్నందువల్ల రెండోది పోదు. కాంట్రాక్టరు పదకొండో రోజు కర్మలకు ముందు ఇంటికొచ్చి లక్షో రెండు లక్షలో బల్ల మీద పెట్టి, తమిళంలో టైపు చేసిన కాగితం మీద పోయినవాడి భార్య వేలిముద్ర తీసుకుని పోతాడు. "ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు" అని అందులో ఉంటుంది. ఆ అమ్మకు తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇలాంటి కాగితానికి ఈ చట్టం ముందు విలువ లేదు. మరణానికి సంబంధించిన పరిహారాన్ని యజమాని నేరుగా కుటుంబానికి ఇవ్వడానికి వీల్లేదు, కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి. నేరుగా ఇచ్చింది పరిహారం కట్టినట్టు లెక్కలోకి రాదు. అడ్వాన్సుగా మూడు నెలల జీతానికి మించకుండా ఇచ్చినదాన్ని మాత్రం మినహాయించుకోనిస్తారు. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకునే ఒప్పందాలు 17వ సెక్షను కింద చెల్లవు. వేలిముద్ర వేసేశాం, ఇక అయిపోయింది అనుకుని ఇంట్లో కూర్చున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అయిపోలేదమ్మా, కేసు వేయొచ్చు.

డ్యూటీకి వెళ్తూనో, దిగి వస్తూనో దారిలో ప్రమాదం జరిగితే? ఒకప్పుడు దీని మీద పెద్ద గొడవలు నడిచేవి. డ్యూటీ దిగి సంస్థ బస్సులోనే ఇంటికి వెళ్తూ ప్రమాదంలో పోయిన బొంబాయి బస్సు డ్రైవరు కేసులో 1963లోనే సుప్రీంకోర్టు అది ఉద్యోగంలో భాగమేనంది. 2025 జులైలో ఇంకో అడుగు ముందుకేసి, ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగినదాన్నీ, సమయానికీ స్థలానికీ పనికీ సంబంధం ఉంటే, పరిహార చట్టం కిందికి తెచ్చింది. కొత్త కోడ్‌లో ఆ మాట నేరుగానే రాసి ఉంది. కాబట్టి తెల్లవారుజామున ఫస్ట్ బస్సు తియ్యడానికి డిపోకు బండి మీద వెళ్తూ పోయిన డ్రైవరు కుటుంబానికి దారి ఉంది. ఆ రోజు డ్యూటీ చార్టు కాపీ సంపాదించాలి. డ్యూటీలో గుండెపోటు మాత్రం దానంతటదే లెక్కలోకి రాదు. వరస డబుల్ డ్యూటీలు, ఎండ, బరువు పని లాంటివి గుండె మీద పడ్డాయని చూపించాల్సి ఉంటుంది.

మన తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. తమిళనాడులో పేరు ముందు తండ్రి పేరు మొదటి అక్షరం పెడతారు, మనం ఇంటిపేరు పెడతాం. ఆఫీసు రికార్డులో ఆయన తండ్రి పేరు అక్షరంతో ఉంటాడు, ఊళ్లో రేషన్ కార్డులో ఇంటిపేరుతో ఉంటాడు, భార్య ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. తాలూకా ఆఫీసులో వారసుల సర్టిఫికెట్ దగ్గర ఫైలు ఆగిపోతుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న తల్లి పేరు ఆధారపడినవాళ్ల జాబితాలో రాకుండా పోతుంది. పోయిన కొడుకు మీద ఆధారపడిన తల్లికి, ఆమె వితంతువైతే ఇంకా బలంగా, వాటా అడిగే హక్కుంది. ప్రమాదాలేవీ లేని రోజుల్లోనే ఈ పేర్లన్నీ ఒకే తీరుగా సరిచేయించుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

చెన్నైలో కార్మిక శాఖ ఆఫీసులు తేనాంపేట డీఎంఎస్ ఆవరణలో ఉన్నాయి. కానీ భర్త పోయాక ఆమె పిల్లల్ని తీసుకుని సొంతూరికి వెళ్లిపోయి ఉంటే వాయిదాలకు చెన్నై రావాల్సిన పనిలేదు. ప్రమాదం జరిగిన చోటే కాకుండా, తాను మామూలుగా నివసించే చోట కూడా కేసు వేయవచ్చని 21వ సెక్షను చెప్తుంది. అంటే చెన్నైలో జరిగిన ప్రమాదానికి నెల్లూరులో దరఖాస్తు పెట్టొచ్చు. గడువు రెండేళ్లు. దాటిపోతే సరైన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, పే స్లిప్పు లేదా జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్, వయసు ఆధారం, అదే షిఫ్టులో ఉన్న తోటి మనిషి సాక్ష్యం ఉంటే కేసు నిలబడుతుంది. పే స్లిప్పు లేని కాంట్రాక్టు మనిషికి గేటు పాసు, హాజరు తీసుకున్న వాట్సాప్ గ్రూపు స్క్రీన్‌షాట్, యూనిఫాంలో ఉన్న ఫొటో కూడా పనికొస్తాయి. ఆ ఫోను రీసెట్ చేయకుండా దాచిపెట్టండి.

ప్రమాదం రోడ్డు మీద వేరే బండి వల్ల జరిగితే ఇంకో దారి తెరుచుకుంటుంది. ప్రైవేటు లారీ గుద్ది కార్పొరేషన్ కార్మికురాలు పోయిందనుకోండి. మోటారు వాహనాల చట్టం కింద, హైకోర్టు ఆవరణలోని స్మాల్ కాజెస్ కోర్టులో ట్రిబ్యునల్ ముందు కేసు వేయొచ్చు. అక్కడ 15,000 పరిమితి లేదు, అసలు జీతం చూస్తారు, భవిష్యత్తులో పెరిగే జీతాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. కానీ లారీ డ్రైవరు తప్పు నిరూపించాలి. పరిహార చట్టంలో ఎవరి తప్పూ నిరూపించక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 167వ సెక్షను ప్రకారం ఈ రెండింట్లో ఒక్కటే ఎంచుకోవాలి, రెండూ కుదరవు. ట్రిబ్యునల్ దారి పడితే ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే కేసు వేసేయడం క్షేమం. లారీ నంబరు దొరికి, బీమా ఉండి, చూసినవాళ్లుంటే సాధారణంగా ట్రిబ్యునలే మేలు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే, తప్పు మీదే గొడవ నడిచేలా ఉంటే పరిహార చట్టమే నమ్మకమైన దారి. పైగా ఆ చట్టం కింద ఓడిన యజమాని హైకోర్టుకు అప్పీలుకు వెళ్లాలంటే ముందుగా మొత్తం డబ్బు డిపాజిట్ చేయాలి. అది కట్టకపోతే అప్పీలును తీసుకోనే తీసుకోరు.